మా ఒంటి లెక్కలు – 6: "పిల్లలు పుట్టినారు కదా, ఇంక సంచి ఎందుకు?"



ఈ భాగంలో ఇనాం భూముల గురించి రాస్తానని మాటిచ్చాను. రాయడం లేదు. అది వచ్చే నెలకి పోయింది. కారణం చెప్తాను.

పోయిన మంగళవారం మూడో పీరియడ్ అయ్యాక డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి ఒకరు స్టాఫ్ రూమ్ బయట నిలబడింది. చేతిలో స్కానింగ్ కవరు. "మేడమ్, ఇందులో ఏం రాసినారో చదివి చెప్తారా?" అంది. నాది తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ. పేరు ముందు డాక్టర్ అని ఉన్నందుకు వచ్చిందేమో అనుకున్నా. కాదు. వాళ్ల పేటలో ఇంగ్లీషు చదివి చెప్పేవాళ్లు లేరు, చదివి చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు. అంతే.

రిపోర్టులో ఉన్నది ఇది: ఎడమ అండాశయంలో 38 మిల్లీమీటర్ల సింపుల్ సిస్ట్. అంటే పల్చటి గోడ ఉన్న నీటి బుడ్డ. ఊళ్లో ఆర్‌ఎంపీ వాళ్లమ్మకు చెప్పింది ఇది: "గడ్డ ఉండాది. పెరిగితే క్యాన్సర్ అయితాది. పెండ్లి కావల్సిన పిల్ల, గుట్టుగా తీపిచ్చేయండి. నాకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది." కాగితం మీదున్న మాటకీ నోట్లోంచి వచ్చిన మాటకీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఆ దూరంలోనే మా ఆడవాళ్ల సంచులు, అండాశయాలు, ఎముకలు, అప్పులు అన్నీ పోయాయి. ఈ భాగం దాని గురించి.

ముందు ఆ పిల్లకు చెప్పిందే మీకూ చెప్తాను. ఇది నా సొంత పరిజ్ఞానం కాదు, చదివి, తెలిసిన డాక్టరమ్మను అడిగి నేర్చుకున్నది.

మెదడు కింద శనగ గింజంత గ్రంథి ఒకటి ఉంది, పిట్యూటరీ. అది నెలనెలా ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. మొదటిది అండాశయంలో ఒక నీటి బుడ్డను పెంచుతుంది. దాని పేరు ఫాలికిల్. అందులో గుడ్డు ఉంటుంది. ఆ బుడ్డ గోడలే ఈస్ట్రోజన్ తయారు చేస్తాయి. రెండో హార్మోన్ ఒక్కసారిగా పెరిగినప్పుడు బుడ్డ పగిలి గుడ్డు బయటికొస్తుంది. పగిలిన చోట మిగిలిన కండ ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో అదీ వాడిపోతుంది, బహిష్టు వస్తుంది. ఒక్కో నెల ఆ బుడ్డ పగలదు. అట్లాగే ఉండిపోయి కొంచెం పెరుగుతుంది. ఒక్కోసారి పగిలాక వాడిపోవాల్సింది వాడిపోక నీరు పడుతుంది. ఇవే ఫంక్షనల్ సిస్టులు. నెలసరి వచ్చే వయసులో ఎవరికైనా రావచ్చు. ఎక్కువ భాగం రెండు మూడు నెలసరుల్లో వాటంతట అవే కరిగిపోతాయి. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నెలసరి ఆగని ఆడవాళ్లలో 50 మిల్లీమీటర్ల లోపు సింపుల్ సిస్టుకు సాధారణంగా మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు. ఈ పిల్లకు ఉన్నది 38.

అంటే ఆ బుడ్డ జబ్బు కాదు. ఆ పిల్ల ఒళ్లు చేస్తున్న పని. పని చేస్తున్న ఒంటికి గడ్డ అని పేరు పెట్టి కోయమంటున్నారు.

ఇక్కడే ఆగితే ఇది ఆరోగ్య చిట్కా అవుతుంది. ఆగను. ఎందుకంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొట్టమొదట మొదలైంది మూడు జిల్లాల్లో. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మా అనంతపురం. వలసలకీ కరువుకీ పేరుపడ్డ మూడు జిల్లాలు. గుండె ఆపరేషన్ చేయించుకోలేక చచ్చిపోయే పేదవాడు కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కాడంటే అది చిన్న విషయం కాదు, ఆ పథకాన్ని నేను తక్కువ చేయను. కానీ కార్డు చేతికి రాగానే మా వాడల్లోకి ముందుగా వచ్చింది గుండె డాక్టర్ కాదు. "అమ్మా, తెల్లబట్ట అయితాందా? నడుం నొప్పా? సంచి పుండు పడింటాది, కార్డు మీద ఫ్రీగా తీపిచ్చుకోవచ్చు" అనే మనిషి. 2008లో అమ్మకు 36 ఏళ్లు. చెనక్కాయ పీకే కూలి. తెల్లబట్ట, నడుం నొప్పి ఉన్న మాట నిజమే. వంగి చెనక్కాయ పీకే ఏ ఆడమనిషికి నడుం నొప్పి లేదు చెప్పండి? ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ అయింది. "సంచి తీసేసినారు" అని మాకు తెలిసింది.

తర్వాత రెండేళ్లు అమ్మ రాత్రుళ్లు లేచి కూర్చునేది. ఒళ్లంతా సెగలు, చెమటలు. అవ్వ "గాలి సోకింది" అని పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. 46 ఏళ్లకు బోరింగు దగ్గర బిందె ఎత్తుతూ జారితే మణికట్టు విరిగింది. ఆ వయసుకు అంత సులువుగా విరగకూడదని ఎముకల డాక్టర్ పాత కాగితాలు అడిగాడు. ఇనప పెట్టెలో అడుగున ఉన్న డిశ్చార్జ్ కాగితం అప్పుడు బయటికి తీశాను. అందులో ఒక పొట్టి వాక్యం: టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ. సంచి ఒక్కటే కాదు, రెండు అండాశయాలూ, రెండు నాళాలూ తీసేశారని దాని అర్థం. పదేళ్లు ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. నేను ప్రబంధ పద్యాలకు అన్వయం చెప్పి పట్టా తీసుకున్న మనిషిని. మా అమ్మ ఒంటి మీద రాసిన మూడక్షరాలకు అర్థం తెలియదు నాకు.

అమ్మను అడిగా. "రెండు పక్కలా గుడ్లు కూడా తీసినారని నీకు చెప్పినారా?" అని. "సంచితో పాటే వస్తాయేమో అనుకుంటి" అంది.

రావు. అది గుర్తు పెట్టుకోండి. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంచవచ్చు. సంచి పిల్లల్ని మోస్తుంది. అండాశయం హార్మోన్లు ఇస్తుంది. నెలసరి సహజంగా ఆగేదాకా ఈస్ట్రోజన్ ఎముకలో సున్నం నిలబెడుతుంది, గుండె రక్తనాళాలకు మేలు చేస్తుంది. నెలసరి ఆగాక కూడా అండాశయం కొంతకాలం కొన్ని హార్మోన్లు ఇస్తూనే ఉంటుంది. 36 ఏళ్లకు రెండూ తీసేయడం అంటే ఒక్క పూటలో మనిషిని ముట్లుడిగిన వయసులోకి నెట్టేయడం. తీయక తప్పకపోతే, ఆ తర్వాత హార్మోన్ ఇవ్వాలా, కాల్షియం ఏమిటి, ఎముక పరీక్ష ఎప్పుడు అని చెప్పే బాధ్యత తీసినవాళ్లదే. మా అమ్మకు చెప్పింది ఒక్కటే. కుట్లు విప్పే తారీఖు.

"కానీ అండాశయాలు తీసేస్తే అండాశయ క్యాన్సర్ రాదు కదా మేడమ్?" అని సైన్సు చదివే ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. తీసేవాళ్లు చెప్పే అతి బలమైన మాట ఇదే. కాబట్టి దీనికి జవాబు దాటవేయకూడదు.

అవును, తీసేస్తే ఆ క్యాన్సర్ దాదాపు రాదు. తల తీసేస్తే తలనొప్పి రాదు. అసలు ప్రశ్న వేరు. ఎవరికి వచ్చే ప్రమాదం ఉంది, ఎంత ఉంది? తీయడం వల్ల పోయేది ఎంత? అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. క్యాన్సర్ కాని కారణాలకు గర్భసంచి తీయించుకున్న 29,380 మంది ఆడవాళ్లను 24 ఏళ్లు గమనించి 2009లో ఫలితం ప్రచురించారు. అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తగ్గింది, రొమ్ము క్యాన్సర్ కూడా తగ్గింది. కానీ గుండె జబ్బు పెరిగింది, మొత్తం మీద చావులు పెరిగాయి. ఏ వయసులో తీసినా దాని వల్ల ఆయుష్షు పెరిగినట్టు కనబడలేదు. వాళ్లు నర్సులు. మందులు అందుబాటులో ఉన్నవాళ్లు. బోరింగు దగ్గర బిందె ఎత్తే మా అమ్మ సంగతి ఏమిటి?

ఇప్పుడు ఈ ప్రమాదం ఎవరికి ఉంది అనే దగ్గరికి వద్దాం. హార్మోన్ల కథలో నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

1971లో ఈజిప్టు డాక్టర్ మహమూద్ ఫతల్లా లాన్సెట్ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. గుడ్డు విడుదలైన ప్రతి నెలా అండాశయం పైపొర చినుగుతుంది, మళ్లీ అతుకుతుంది. ధర్మవరం మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పోగు తెగిన ప్రతిసారీ ముడి వేయాలి, వందల ముడుల్లో ఒకటి తప్పు పడుతుంది. విరామం లేకుండా ఎన్ని నెలలు గుడ్డు విడుదలైతే తప్పు ముడి పడే అవకాశం అంత ఎక్కువ. ఇది ఒక వాదన. పిట్యూటరీ హార్మోన్లు అండాశయాన్ని అదేపనిగా పొడుస్తూ ఉండటమే కారణమని ఇంకో వాదన. ఆండ్రోజన్లు, అంటే మగ హార్మోన్లని మనం అనుకునేవి, కణాలను పెంచుతాయనీ ప్రొజెస్టిరాన్ వాటికి కళ్లెం వేస్తుందనీ 1998లో హార్వే రిష్ పెట్టిన వాదన మరొకటి. తర్వాత కాలంలో ఇంకో మలుపు. ఈ క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే, ఎక్కువ మందిని చంపే రకం చాలాసార్లు అండాశయంలో కాదు, పక్కనున్న నాళం కొసలో మొదలవుతుందని తేలింది. ఏ ఒక్క వాదనా మొత్తం కథ చెప్పదు. కానీ అన్నీ కలిసే చోటు ఒకటుంది. గర్భం మోసిన తొమ్మిది నెలలు గుడ్డు విడుదల ఆగుతుంది, ప్రొజెస్టిరాన్ బాగా పెరుగుతుంది. కాబట్టి ఎంతమంది పిల్లలను కంటే ప్రమాదం అంత తగ్గుతుంది. ఎంతకాలం చనుబాలు ఇస్తే అంత తగ్గుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, అదే నాళాలు ముడివేసేది, దాని వల్లా తగ్గుతుంది.

ఇంకోసారి చదవండి. ఎక్కువ మందిని కన్న ఆడమనిషి. రెండేళ్లు, మూడేళ్లు పాలిచ్చిన ఆడమనిషి. పాతికేళ్లలోపే ట్యూబెక్టమీ చేయించుకున్న ఆడమనిషి. ఎవరు ఈమె? మా మాదిగ వాడలో, మాల పల్లెలో, తండాలో, బోయగేరిలో ఏ ఇంటి తలుపు కొట్టినా ఈమే తలుపు తీస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ అయినవాళ్లు. దేశంలో ఈ రాష్ట్రం అంత ముందున్న విషయాలు ఎక్కువ లేవు. అసలే మన దేశంలో ఈ క్యాన్సర్ జీవితకాలంలో వచ్చేది నూటికి ఒకరి కంటే తక్కువ మందికి. అందులోనూ హార్మోన్ల లెక్కలో మా అమ్మలాంటి వాళ్లకు ఇంకా తక్కువ. అదే క్యాన్సర్ పేరు చెప్పి అండాశయాలు తీసేసింది మాత్రం ఎవరికి? ఆమెకే.

అదే సర్వేలో ఇంకో లెక్క. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7. తెలంగాణలో 8.2. అంతకు ముందు 2015–16 సర్వేలో మనం 8.9. రెండుసార్లూ దేశంలో మొదటి స్థానం మనదే. ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో. దేశమంతటా ఇది బడి చదువు లేని ఆడవాళ్లలోనే ఎక్కువ. చదువుకున్న ఆడవాళ్లకు గర్భసంచి జబ్బులు రావా? వస్తాయి. వాళ్లకు రెండో డాక్టర్ ఉంటుంది. మాకు రెండో ఆర్‌ఎంపీ ఉంటాడు.

ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి దంపతులు ఈ అనవసరపు ఆపరేషన్ల మీద పనిచేసి, లెక్కలు తీసి, ప్రభుత్వం ముందు పెట్టారు. గొడవ పెద్దదయ్యాక ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. ప్రైవేటుకి డబ్బులు ఆగాక ఎన్ని సంచులు ఒక్కసారిగా ఆరోగ్యంగా మారిపోయాయో ఎవరైనా విద్యార్థి పరిశోధన చేస్తే బాగుంటుంది. రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్‌లలో ఇదే జరిగిందని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో తయారు చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు నరికే ఆడవాళ్లను 2019లో ప్రభుత్వ కమిటీయే లెక్కబెడితే పదమూడు వేల మందికి పైగా సంచులు లేనివాళ్లు తేలారు. నెలసరి వస్తే ఒక రోజు కూలి పోతుంది, మేస్త్రీ జరిమానా వేస్తాడు. కాబట్టి నెలసరినే తీసేశారు. హిందూపురం చుట్టూ బట్టల ఫ్యాక్టరీలకు బస్సుల్లో పోయే పిల్లలను అడగండి, ఆ మూడు రోజులు బాత్రూమ్‌కు ఎన్నిసార్లు పోనిస్తారో. బీడ్ అంత దూరంలో లేదు.

"ఇది పేదరికం సమస్య, ఇందులో కులం ఎందుకు లాగుతారు?" మన వామపక్ష మిత్రుల పాత పాట. లాగుతాను. నా సబ్జెక్టే అది.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఆడదాన్ని క్షేత్రం అంటుంది, మగవాణ్ణి బీజం అంటుంది. ఆడది పొలం. పొలం యజమానిదే పంట. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ సమక్షంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. కానీ అది తెల్లకోటు వేసుకొని నర్సింగ్ హోమ్‌లో కూర్చుని ఉంది. "పిల్లలు పుట్టినారు కదమ్మా, ఇంక సంచి ఎందుకు?" ఈ ఒక్క వాక్యం వినని దళిత ఆడమనిషి మా మండలంలో ఉందా? పంట కోసేశాక పొలం దేనికి అన్నట్టే కదా ఇది? ఆ ఒంట్లో ఇంకా ఎముక ఉంది, గుండె ఉంది, నిద్ర ఉంది, కోరిక ఉంది. కోరిక అనగానే నొసలు ముడిపడిందా? పడనివ్వండి. అండాశయాలు పోయాక తడి ఆరిపోయి మొగుడి పక్కన పడుకోవడమే నరకమైందని నాతో చెప్పిన ఆడవాళ్లు ఉన్నారు. ఆ నరకం ఏ డిశ్చార్జ్ కాగితంలోనూ రాయరు. మైల అని మూడు రోజులు బయట కూర్చోబెట్టిన సంస్కృతే, ఆ మైలను కోసి పారేస్తే పీడ పోతుందనే మాటనూ నేర్పింది. ఇంకో సంగతి. అంటరాని ఒంటిని కోయడానికి మాత్రం ఎవరికీ అంటు లేదు.

మా ఒళ్లు తేలిగ్గా దొరికే ఒళ్లు. చరిత్ర నిండా అదే. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ప్రయోగానికి క్యాంపు పెట్టారు. రెండు నెలలకోసారి సూది, పిల్లలు పుట్టరు. అది ఇంకా ప్రయోగమనీ, ఇబ్బందులు ఉంటాయనీ వచ్చిన పేద ఆడవాళ్లకు చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి పోయి విషయం చెప్పేసరికి ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. చూశారా, చెప్తే అర్థం చేసుకోలేనంత మొద్దులు కాదు వాళ్లు. 1986లో సంఘటన, సహేలీ, ఇంకొందరు కలిసి సుప్రీంకోర్టుకు పోయారు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు హాస్టళ్లలోని ఆదివాసీ పిల్లలకు పాత్ అనే సంస్థ ప్రాజెక్టులో హెచ్‌పీవీ టీకాలు వేశారు. చాలామందికి అమ్మానాన్నల సంతకం కాదు, హాస్టల్ వార్డెన్ సంతకమే. 2010లో ఆపారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుబట్టింది. నేను టీకాకు వ్యతిరేకిని కాదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే మంచి టీకా అది, మీ ఇంటి ఆడపిల్లలకు వేయించండి. నా గొడవ సంతకంతో.

ఇట్లాంటివి రాస్తే వెంటనే ఇంకో గుంపు చప్పట్లు కొడుతుంది. "చూశారా, అల్లోపతి మోసం, హార్మోన్ బిళ్లలు విషం, మా గింజల పొడి తినండి" అనే యూట్యూబు ఋషులు. వాళ్ల చప్పట్లు నాకొద్దు. గర్భనిరోధక మాత్రలు అండాశయ క్యాన్సర్ తెస్తాయని మా పిల్లల్లో ఒక భయం ఉంది. లెక్క దానికి తిరగబడి ఉంది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం 21 దేశాల్లో 45 పరిశోధనలను కలిపి చూసింది. మాత్రలు ఎంతకాలం వాడితే అండాశయ క్యాన్సర్ ప్రమాదం అంత తగ్గుతుంది, పదిహేనేళ్లకు దాదాపు సగమవుతుంది. ఆపేశాక కూడా ఏళ్ల తరబడి ఆ రక్షణ ఉంటుంది. మాత్రలకు వేరే చెడులు ఉన్నాయి. వాడేటప్పుడు రొమ్ము క్యాన్సర్ ప్రమాదం కొంచెం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, పొగతాగే వాళ్లకు మరీ. కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి వాడాలి. అదే హార్మోన్ ముట్లుడిగాక వాడితే కథ తిరగబడుతుంది. 2015లో అదే పరిశోధకుల బృందం 52 పరిశోధనలు కలిపి చూసింది. 50 ఏళ్ల దగ్గర మొదలుపెట్టి ఐదేళ్లు హార్మోన్ చికిత్స తీసుకుంటే వెయ్యి మందిలో ఒకరికి అదనంగా అండాశయ క్యాన్సర్ వస్తుందని లెక్క. ఒకే హార్మోన్ ఒక వయసులో కాపలా, ఇంకో వయసులో దొంగ. దీన్ని "హార్మోన్ ఇంబ్యాలెన్స్" అనే ఒక్క మాటలో మూట కట్టి అమ్మేవాళ్లను నమ్మకండి. ఏ హార్మోన్, ఎంత, ఏ వయసు అని అడగండి. జవాబు రాకపోతే లేచి రండి.

నిజమైన గడ్డ వచ్చినప్పుడు మా ఆడవాళ్లకు ఏమవుతుందో కూడా చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. లేని గడ్డకు కోత, ఉన్న గడ్డకు గ్యాస్ మాత్ర. ఇదీ మాకు దొరికే వైద్యం.

మా చిన్నమ్మకు 49కి నెలసరి ఆగింది. 54లో మళ్లీ కనబడింది. వీధిలో ఆడవాళ్లు "ఏమే, మళ్లీ పడుచు అయినావా" అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఒక క్లినిక్‌లో రక్తం ఆగే మాత్రలు ఇచ్చారు. ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు. ఎనిమిది నెలలు. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా పరీక్ష చేయాలి, అది ఎంబీబీఎస్ పాఠం. చివరికి బెంగళూరులో ఇల్లిళ్ల పనిచేసే మా పెద్దమ్మ కూతురు అక్కడికి తీసుకుపోయి స్కాన్ చేయిస్తే కుడి అండాశయంలో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ. గ్రాన్యులోసా సెల్ ట్యూమర్. ఈ రకం గడ్డ తనే ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజన్ తగిలి గర్భసంచి లోపొర మళ్లీ మందమవుతుంది, అందుకే ఆ రక్తం. అంటే ఆ గడ్డ ఎనిమిది నెలలుగా "నేనిక్కడున్నా" అని నెత్తురుతో చెప్తూనే ఉంది. వినేవాడు లేడు. ఇంకో రకం, సెర్టోలి-లేడిగ్ అనేది, మగ హార్మోన్ తయారుచేస్తుంది. నెలసరి ఆగిపోతుంది, గొంతు బొంగురుపోతుంది, మీసాలు వస్తాయి. అరుదు. కానీ అట్లాంటి ఆడపిల్ల కనబడితే మన ఊళ్లు ఏమంటాయో మీకు తెలుసు, ఆస్పత్రికి మాత్రం తీసుకుపోరు. చిన్నమ్మకు ఆపరేషన్ చేశారు. చేయాల్సిన ఆపరేషన్ అది. సంచి, అండాశయాలు రెండూ తీశారు. ఆ డాక్టర్ గడ్డ పేరు కాగితం మీద రాసిచ్చి, కన్నడంలో, మళ్లీ వచ్చీరాని తెలుగులో అరగంట వివరించిందట. ఈ రకం నిదానంగా పెరుగుతుంది, ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, కాబట్టి చెకప్‌లు మానకూడదని చెప్పిందట. చిన్నమ్మ బతికుంది. ఆరు నెలలకోసారి రైలెక్కుతుంది.

మిగతా అండాశయ క్యాన్సర్లు ఇట్లా గుర్తు కూడా ఇవ్వవు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండటం, మాటిమాటికీ మూత్రం, కింది పొట్టలో నొప్పి. ఈ నాలుగూ కొత్తగా మొదలై వారాల తరబడి రోజూ ఉంటే, ముఖ్యంగా 50 దాటినవాళ్లకు, గ్యాస్ అనుకోవద్దు. మన దేశంలో ఏటా 45 వేల మందికి పైగా ఈ క్యాన్సర్ బయటపడుతోంది, 30 వేల మందికి పైగా చనిపోతున్నారు. ఎక్కువమందికి పొట్టలో నీరు చేరాకే తెలుస్తుంది. సీఏ-125 అనే రక్త పరీక్ష ఉంది. కానీ అది ఒక్కటే పెరిగితే క్యాన్సర్ అని కాదు. పొట్టలో టీబీ ఉన్నా పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, ఒక్కోసారి నెలసరి సమయంలోనూ పెరుగుతుంది. ఆ అంకె చూపించి భయపెట్టేవాళ్లూ తయారయ్యారు. ఇంట్లో అమ్మకో అక్కకో ఈ క్యాన్సరో రొమ్ము క్యాన్సరో చిన్న వయసులో వచ్చి ఉంటే మాత్రం విషయం వేరు. బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష గురించి అడగాలి. ఆ మార్పు ఉన్నవాళ్లకు పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు, నాళాలు తీయించుకోమనడం సరైన సలహానే. చూడండి, అదే ఆపరేషన్. ఒకచోట ప్రాణం నిలబెడుతుంది, ఇంకోచోట బిల్లు నిలబెడుతుంది. తేడా ఎవరు నిర్ణయించారన్నదే.

1938 నవంబర్‌లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ మీద బాబాసాహెబ్ తరఫున రోహమ్ తీర్మానం పెట్టారు. ఓడిపోయింది. అంతకు పదేళ్ల ముందు, 1928లో, ఫ్యాక్టరీ ఆడవాళ్లకు ప్రసూతి సెలవు, డబ్బు ఇచ్చే బిల్లును బాబాసాహెబ్ శాసనమండలిలో గట్టిగా సమర్థించారు. జయంతి రోజున మన యువజన సంఘాలు రిజర్వేషన్ గురించి మాట్లాడతాయి, రాజ్యాంగం గురించి మాట్లాడతాయి. మంచిదే. ఆడమనిషి గర్భం గురించి ఆయన శాసనసభల దాకా తీసుకుపోయిన సంగతి ఏ ఫ్లెక్సీ మీద ఉంది? పెనుకొండలో ఏప్రిల్ 14 ఊరేగింపుకు డీజే పెట్టిన డబ్బుతో మన పేటల్లో ఇంటింటికీ పోయి ఎవరికి సంచి తీశారు, ఏ వయసులో, ఏ కారణం చెప్పి, అండాశయాలు ఉంచారా లేదా, కాగితం ఇచ్చారా అని రాసుకోవచ్చు. అన్నలూ తమ్ముళ్లూ, కోపం వస్తే రానివ్వండి. ఇది మీ అమ్మల లెక్క కూడా.

ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కారుకు ఏ నట్టు ఎక్కడ బిగించారో, ఎవరు బిగించారో లెక్క ఉంటుంది. మా ఆడవాళ్ల ఒంట్లోంచి ఏం తీశారో ఆ ఒంటికే తెలియదు. పేషెంటుకు తన రికార్డులు అడిగి తీసుకునే హక్కు ఉంది. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళే చెప్తోంది. మీ ఇంట్లో పాత కాగితం ఉంటే తీసి చదవండి. మీకు తెలియకపోతే నాకు తీసుకురండి, నాకూ తెలియకపోతే తెలిసినవాళ్లను అడుగుదాం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన "సవాలక్ష సందేహాలు" దొరికితే కొని వాడలో నలుగురు కూర్చుని చదవండి. పాత పుస్తకమే. కానీ ఆడవాళ్ల ఒళ్లు ఆడవాళ్లకే తెలుగులో చెప్పింది.

ఆ పిల్ల సంగతి. వాళ్లమ్మ మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చింది. కూలి బట్టల్లోనే, పొలం నుంచి నేరుగా. తెలిసిన డాక్టరమ్మతో ఫోన్ కలిపాను. రెండు నెలసరులు చూసి మళ్లీ స్కాన్ చేద్దాం, ఈలోగా ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి రండి, బుడ్డ మెలిపడి ఉండొచ్చు అని ఆమె చెప్పింది. వాళ్లమ్మ అంతా విని, "మరి ఆర్‌ఎంపీకి అడ్వాన్సు రెండు వేలు ఇచ్చింటి మేడమ్, తిరిగిస్తాడా?" అంది. మా అమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నేను కూడా వస్తా పద, అడుగుదాం" అంది.

ఇద్దరూ పోయారు. వెయ్యి తెచ్చుకున్నారు. మిగతా వెయ్యికి ఈ శుక్రవారం మళ్లీ పోతారంట. అమ్మకు ఎముకల పరీక్ష గురువారం ఉంది, అది అయ్యాక.